పహాడ్ చుట్టూ 32 కిలోమీటర్లు



సెలవులొస్తే చాలు, పిల్లల్ని తీసుకుని నడవడానికి విశాఖలో మంచి జంగల్ దారి ఏదైనా ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, కానీ వెళ్ళిన బాటలోనే వెనక్కి రాకూడదు. మధ్యలో చెట్టూ చేనూ కనబడాలి. ట్రెకింగ్ షౌక్ ఉన్నవాళ్ళు ఇలాంటి దాన్ని లూప్ ట్రయల్ అంటారు. పేరు కొత్తదే గాని విశాఖకు ఈ నడక కొత్తది కాదు. ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద లూప్‌ని ఏ క్లబ్బూ గీయలేదు, ఏ మహకమా బోర్డు పెట్టలేదు. సింహాచలం కొండ చుట్టూ జనం కాళ్ళే దాన్ని గీశాయి. 32 కిలోమీటర్లు.

ఆ లూప్ తవారీఖ్ చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ పహాడ్ కహానీలో మన ఖౌమ్ వచ్చేది ఒక్క చోటే: కొండని లూటీ చేయడానికి వచ్చి తుమ్మెదలు కుడితే పారిపోయిన దండుగా. మన పిల్లలు స్కూల్లో, బస్సుల్లో, పక్కింట్లో ఆ కథ వింటారు. విని ఇంటికొచ్చి మనల్ని అడుగుతారు. అడిగినప్పుడు మన దగ్గర జవాబు ఉండాలి కదా!

ముందు దారి సంగతి. ప్రతి ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నం నుంచి, అడివివరం వైపు కొండ కింద ఉన్న తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం బయల్దేరతారు. లక్షల్లో వస్తారు. రాత్రంతా నడుస్తారు. ముడసర్లోవ మీదుగా హనుమంతవాక, అక్కణ్ణుంచి విశాలాక్షినగర్, జోడుగుళ్ళపాలెం దగ్గర సముందర్. కొందరు అక్కడ స్నానం చేస్తారు. అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల... మళ్ళీ తొలిపావంచా. కొండ మొత్తం దారీ కుడిచేతి వైపే ఉంటుంది.

హజ్‌కో ఉమ్రాకో వెళ్ళొచ్చిన బుజుర్గులకు ఈ చివరి మాట చటుక్కున తగులుతుంది. తవాఫ్‌లో కాబా షరీఫ్ మనకు ఎడమచేతి వైపు ఉంటుంది. వాళ్ళది కుడి తిరుగుడు, మనది ఎడమ తిరుగుడు. తవాఫ్ ఏడు చుట్లు, సఫా మర్వాల మధ్య సయీ ఏడు సార్లు. ఆ సయీ మొత్తం కలిపితే దాదాపు 3 కిలోమీటర్లు. బీబీ హాజిరా బిడ్డ ప్యాస్ తీర్చడానికి నీళ్ళు వెతుక్కుంటూ ఎండలో పరుగెత్తిన దారి అది. అక్కడ పిల్లాడి దాహం, ఇక్కడ నాథుడి మొక్కు. అఖీదా వేరు, ఖిబ్లా వేరు. కానీ కాళ్ళనొప్పి ఒకటే. గిరి ప్రదక్షిణ హిందూ భాయిల ఇబాదత్. మనకు తవాఫ్ కాబాకే. ఈ రెండింటినీ కలిపేయాల్సిన పనీ లేదు, ఒకరి నడక చూసి ఇంకొకరు మొహం ముడుచుకోవాల్సిన పనీ లేదు.

ఇప్పుడు ఆ 32 కిలోమీటర్లలో ఎక్కువ భాగం తారు రోడ్డు, ఫ్లైఓవర్లు, అపార్ట్‌మెంట్లు, హైవే. జంగల్ ఎక్కడుంది అంటారా? పేర్లలో ఉంది. అడివివరం అన్న పేరులోనే అడివి ఉంది. ముడసర్లోవలో లోవ అంటే రెండు కొండల నడుమ పల్లం. హనుమంతవాకలో వాక అంటే వాగు. మన ఉత్తరాంధ్ర నోట్లో ఇంకో మాట గెడ్డ. మాధవధార, సీతమ్మధార పేర్లలో ధార అంటే కొండ మీంచి దిగే నీళ్ళు. ఇసుకతోట ఇసుకనేల మీది తోట. కంచరపాలెం కంచర పని చేసేవాళ్ళ పల్లె. జోడుగుళ్ళపాలెం సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. ఒక్కో స్టాపు పేరూ నెమ్మదిగా పలకండి, వాగులు, తోటలు, పల్లెలు, లోయలు వరుసగా వస్తాయి. సిటీ బస్సు కండక్టర్ రోజూ అరిచే ఆ పేర్లు పాత జంగల్‌కి ఫెహరిస్త్.

వాటిలో పూర్తిగా చచ్చిపోని ముక్క అడివివరం, ముడసర్లోవ మధ్య ఉంది. తొలిపావంచా నుంచి నడిస్తే కుడి పక్క సింహాచలం కొండ, ఎడమ పక్క కంబాలకొండ అడవి. ఆషాఢంలో అక్కడ అనాస పళ్ళ కుప్పలు. సింహాచలం అనాస అంటే మన ఇళ్ళలో తెలియనివాళ్ళు లేరు. కొండవాలు మీద, జీడిమామిడి పనస చెట్ల నీడలో, నాగలి పెట్టలేని నేలలో చిన్న రైతులు పండిస్తారు. ఆ రోడ్డు మీద పైనాపిల్ కాలనీ అని ఒక కాలనీయే ఉంది. సింహాచలం సంపెంగ సంగతి చెప్పక్కర్లేదు, బుట్టలో నాలుగు పూలుంటే బస్సంతా ఖుష్బూ. అనాస మన దేశపు ఫసల్ కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, పుర్తగాలీల ఓడల్లో హిందుస్తాన్ చేరింది. ఉర్దూలో అనానాస్ అన్నా తెలుగులో అనాస అన్నా వాళ్ళు తెచ్చిన పేరే. ఇప్పుడు దాన్ని సింహాచలం పండు అంటారు, పరదేశీ అని ఎవరూ అనరు.

ఖేతీ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం ఆగుతాను. రైతు అన్న మాట అరబీ రఅయ్యత్ నుంచి వచ్చింది. జిరాయితీ భూమిలో ఉన్నది జిరాఅత్, అంటే సేద్యం. ఫసలీ సంవత్సరం ఫసల్ లెక్క. ఇనాం, జమీందారు, తహసీల్దారు, జిల్లా, సర్కారు... ఉత్తరాంధ్ర రైతు పాస్‌బుక్ పట్టుకుని ఆఫీసు గడప ఎక్కితే అతని నోట్లో సగం మాటలు మనవే. కుతుబ్‌షాహీల నుంచి నిజాం దాకా రెండు వందల ఏళ్ళు ఈ నేల లెక్కలు ఆ జబాన్‌లో నడిచాయి. కొండ చుట్టూ ఉన్న పొలాల మీద మన నిషానీ ఏమిటని అడిగితే నేను ముందు చూపించేది గోరీలూ గుంబజ్‌లూ కాదు, ఈ మాటలు.

ఇక తుమ్మెదల కథ. సింహాచలం గుడి చాలా పాతది. అక్కడి శాసనాలు 11వ శతాబ్దం చివర్లో మొదలవుతాయి. 13వ శతాబ్దంలో కళింగ గాంగ రాజు నరసింహదేవుడి కాలంలో ఇప్పటి గుడి కట్టారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి కానుకలు ఇచ్చాడు. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథ కవి అని ఒక కవి ఉండేవాడు. సింహాద్రి నారసింహ శతకం ఆయన రాసిందే. తురకల దండు కొండ మీదికి వస్తుంటే కవి దేవుణ్ణి నిందించి, బతిమాలి పద్యాలు చెప్పాడని, కొండలోంచి తుమ్మెదలు లేచి దండుని తరిమి కొట్టాయని కథ. విశాఖలో తుమ్మెదలమెట్ట అన్న పేరుని కూడా దీనికే ముడిపెడతారు.

ఈ కథ మీద నాకు కోపం లేదు. తన ఊరి మీదికి దండు వస్తుంటే ఏ కవైనా మరేం చేస్తాడు? మన ఫౌజ్‌దార్లు ఫరిష్తాలు కారు. దండు కదిలితే ఎవరి దండైనా దారిలో చేలు తొక్కుకుంటూ పోతుంది, ఇళ్ళలో గింజ మిగలదు. నా గిలా ఒక్కటే. ఆ దండు పేరు చెప్పి కహానీ ఖతం చేస్తారు, ఆ కాలం ఎలాంటిదో చెప్పరు.

ఆ కాలం ఎలాంటిదంటే: శ్రీకాకుళం సర్కారుకి నిజాం తరఫున ఫౌజ్‌దారు ఉండేవాడు. 1753లో సలాబత్ జంగ్ ఈ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచి వాళ్ళకి రాసిచ్చేశాడు, వాళ్ళ ఫౌజు ఖర్చుల కోసం. శ్రీకాకుళం ఫౌజ్‌దారు జాఫర్ అలీ ఖాన్‌కి అది గిట్టలేదు. అప్పుడతను ఎవరిని పిలిచాడు? నాగపూర్ మరాఠాల్ని. 1754లో మరాఠా గుర్రాలు వచ్చి ఈ జిల్లాలు దోచుకుని పోయాయి. ముసల్మాన్ ఫౌజ్‌దారు పిలిస్తే వచ్చిన హిందూ దండు, ముసల్మాన్ నవాబు ఫిరంగీలకిచ్చిన నేలని దోచింది! 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కోట మీదికి ఫ్రెంచి జనరల్ బుస్సీని తీసుకొచ్చింది విజయనగరం రాజు. అదే ఏడాది జూన్‌లో బుస్సీ విశాఖ కోటని ఇంగ్లీషు వాళ్ళ దగ్గర లాక్కున్నాడు. మరుసటి ఏడాది అది మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళ చేతికి. 1765లో దిల్లీ బాద్‌షా షా ఆలం ఒక ఫర్మాన్‌తో సర్కారులన్నీ కంపెనీకి ధారపోశాడు. ఇందులో ఏ దండు ఏ మజ్‌హబ్‌దని చెప్తారు? తనఖా ఎవరిస్తే వాళ్ళ జెండా. అన్ని దండుల్లోనూ అన్ని కులాల సిపాయిలు. కాళ్ళ కింద నలిగింది మాత్రం ఒక్కడే, రైతు.

మాసూమ్ మొహంతో పిల్లాడు అడిగితే ఇదంతా చెప్పలేం. కానీ ఒకటి చెప్పొచ్చు: బేటా, ఈ ఊరికి మనం దండుతో రాలేదు. దండుల కంటే చాలా ముందే సముద్రం మీద సరుకుతో వచ్చాం.

దీనికి సుబూత్ ఉంది. 11వ శతాబ్దం చివర్లో, కులోత్తుంగ చోళుడి కాలంలో, విశాఖపట్టణానికి కులోత్తుంగచోళపట్టణం అని మరో పేరు పెట్టారు. ఆ కాలపు విశాఖ శాసనాల్లో అంజువణ్ణం అనే వర్తక సంఘం మాట వస్తుంది. పశ్చిమం నుంచి సముద్రం మీద వచ్చిన ముస్లిం, యూదు, ఈసాయీ తాజిర్ల జమాత్ అది. మలబారులో, తమిళ రేవుల్లో, ఇక్కడ, అన్ని చోట్లా ఉండేది. రానురాను అందులో ముసల్మాన్లే ఎక్కువయ్యారు. అంజువణ్ణం అన్న మాట ఫార్సీ అంజుమన్ నుంచి వచ్చిందని కొందరు చరిత్రకారులు అంటారు. మన మసీదుల గోడల మీద ఇవాళ్టికీ రాసుకునే అంజుమన్! సింహాచలం కొండ మీద మొదటి శాసనాలు చెక్కుతున్న రోజుల్లోనే కింద రేవులో ఈ అంజుమన్ బేరాలు చేసుకుంటోంది. గోల్కొండ పుట్టడానికి ఇంకా నాలుగు వందల ఏళ్ళు ఉంది.

రేవు నోటి దగ్గర మూడు చిన్న కొండలున్నాయి, చూసే ఉంటారు. ఒకటి రాస్ హిల్, మీద చర్చి. ఒకటి వెంకటేశ్వర కొండ. మూడోది మన దర్గా కొండ, హజరత్ ఇస్‌హాఖ్ మదనీ ఔలియా మజార్ ఉన్నది. ఆ వెంకటేశ్వర గుడిని 1866లో కట్టించింది బ్లాక్‌మూర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ అని చెప్తారు, ఈ ఊరి మిజాజ్ అలాంటిది. ఊరి పేరు ఇస్‌హాఖ్ పట్నం నుంచే వచ్చిందని మనలో కొందరు గొప్పగా చెప్పుకుంటారు. శాసనాల్లో విశాఖపట్టణం అని వెయ్యేళ్ళ కిందటే ఉంటే అది నిలబడదు. అబద్ధపు ఇజ్జత్ మనకెందుకు? నిజమైనదే కావలసినంత ఉంది. కార్‌మైకేల్ అనే దొర 1869లో అచ్చేసిన విశాఖ జిల్లా మాన్యువల్‌లో ఆ మజార్ గురించి రాశాడు. బంగాళాఖాతం గాలీ తుఫానూ బాబా చేతిలో ఉన్నాయని జనం నమ్మేవారట. రేవులోకి వచ్చే ఓడ, పోయే ఓడ జెండాని మూడు సార్లు దించి ఎత్తి సలాం చేసేవట. సఫర్ సలామత్‌గా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న ఓడల్ని నజరానాగా ఇచ్చేవారట. గాలీ వానా అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి, ఆ మసలా ఆలిమ్‌లకు వదిలేద్దాం. నేను చూసేది తవారీఖ్. అదే ఊరి జనం ఆషాఢంలో సింహాద్రి చుట్టూ నడిచారు, ఓడెక్కే ముందు దర్గా కొండకి దండం పెట్టారు. కొండ మీద చందనోత్సవం, ఉర్సుకి మజార్ మీద సందల్. రెండూ ఒకే గంధపు చెక్క.

ఇప్పుడు లూప్ ఎలా మారిందో. 1933లో కొత్త హార్బర్ తెరిచారు. అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. దాంతో కొండకి దక్షిణం పక్క గతే మారిపోయింది. రైలు యార్డులు, గోదాములు, తర్వాత నేవీ ఆయుధ డిపో వచ్చాయి. ఆ డిపో పేరు మీదే ఎన్ఏడీ జంక్షన్ అయింది. తూర్పున హైవే, 1977లో జూ. ఇంకా దక్షిణాన, గాజువాక అవతల, ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకి ఊళ్ళే లేచిపోయాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అది, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది. ఉక్కునగరం అంటే మనకు క్వార్టర్లు, మంచి స్కూళ్ళు, మైదానాలు గుర్తొస్తాయి. వాటి కింద ఉన్న చెరువు గట్లు, పొలం దారులు గుర్తుండేది నిర్వాసితుల కాలనీల్లో ముసలివాళ్ళకే.

కొండ పాదంలో ఇంకో ఝగడా ఇంకా నడుస్తోంది. అడివివరం, వేపగుంట, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం, ఈ ఐదింటినీ కలిపి పంచగ్రామాలు అంటారు. అక్కడి వేల ఎకరాలు దేవస్థానం పేర పట్టాలయ్యాయి. వాటి మీద తరాలుగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు రిజిస్ట్రేషన్ లేక, రిపేరుకి పర్మిషన్ లేక తిరుగుతున్నారు. వక్ఫ్ జమీన్ల తకరార్లు చూసిన మనకు ఆ తక్లీఫ్ వేరే చెప్పాలా? కాయితం ఒకరి పేర, గోడ ఇంకొకరిది.

ప్రకృతి దెబ్బ కూడా తగిలింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కంబాలకొండ, సింహాచలం కొండలు ఒక్క రోజులో బోడి అయ్యాయి. (హుద్‌హుద్ అంటే సులైమాన్ అలైహిస్సలామ్‌కి ఖబర్ తెచ్చిన పిట్ట. ఆ పేరు ఒమన్ వాళ్ళు పెట్టారు. మన ఊరికి తెచ్చింది ఎలాంటి ఖబరో!) తర్వాత 2020 మే 7 తెల్లవారుజామున, ఈ దారి మీదున్న గోపాలపట్నం పక్కనే, ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైంది. రమజాన్ నెల. సహరీకి లేచిన ఇళ్ళలో ఫోన్లు మోగిన రోజు అది. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు. ఒకప్పుడు పొలాలున్న చోట ఫ్యాక్టరీ వచ్చింది, ఆ ఫ్యాక్టరీ చుట్టూ జనం వచ్చారు. అక్కడ గోడ పక్కన గోడ తప్ప మధ్యలో ఖాళీ నేల లేదు.

ఇంత జరిగాక మిగిలిందేమిటంటే, లూప్‌కి ఎడమ పక్కనున్న కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉండేది. తర్వాత అటవీ శాఖకు వచ్చింది. 2002లో వన్యప్రాణి అభయారణ్యం అయింది. దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. చిరుత ఉంది, నక్క, అడవిపిల్లి, నాగుపాము, రక్తపింజర ఉన్నాయి. నగరం నడిబొడ్డుకి ఇంత దగ్గర్లో చిరుత తిరిగే అడవి ఉన్న ఊళ్ళు దేశంలో ఎన్నో లేవు. హైవే మీద జూకి ఎదురుగా ఎకో పార్కు గేటు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తే అటవీ శాఖ వేసిన కాలిబాటలున్నాయి. అడవి అంచున శంభువానిపాలెం లాంటి పల్లెలు ఇంకా పశువులు, తోటలతో బతుకుతున్నాయి. ముడసర్లోవ రిజర్వాయర్ ఒకప్పుడు ఊరికి తాగునీళ్ళిచ్చింది, ఇప్పుడు దాని నీళ్ళ మీద సోలార్ పలకలు తేలుతున్నాయి.

కాబట్టి సెలవుల్లో అడిగేవాళ్ళకు నా మష్వరా. ప్రదక్షిణ రోజు ఆ దారి వాళ్ళది. మన మొహల్లా ముందునుంచి పోతుంటే నీళ్ళూ మజ్జిగా ఇవ్వండి, ప్యాసా ఇన్సాన్‌కి నీళ్ళివ్వడానికి ఏ ఫత్వా అక్కర్లేదు. మిగతా రోజుల్లో కొండ అందరిదీ. చిన్నపిల్లలుంటే కంబాలకొండ చాలు. ఫజర్ చదువుకుని బయల్దేరండి, ఎండెక్కే లోపు బయటికి వచ్చేయండి. బాట దాటి పొదల్లోకి వెళ్ళొద్దు, బిర్యానీ పొట్లాల కవర్లు అక్కడ వదిలి రావొద్దు. భూమ్మీద తిరిగి, ముందటివాళ్ళ గతి ఏమైందో చూడమని ఖురాన్ పాక్ చాలా చోట్ల చెప్తుంది. మనం పిల్లలకి అర్థం చెప్పి వదిలేస్తాం, తిప్పి చూపించం.

కాస్త పెద్ద పిల్లలైతే మాధవధార వైపు వెళ్ళండి. అక్కణ్ణుంచి కొండ మీదుగా సింహాచలం దాకా పాత రాతి మెట్లదారి ఉంది. బస్సులు లేని రోజుల్లో ఊరివాళ్ళు ఆ దారినే కొండ దాటేవారు. వానాకాలం తర్వాత ధారలో నీళ్ళుంటాయి. మెట్లు కొన్ని చోట్ల కదిలాయి, పాచి పడితే జారతాయి, మోకాళ్ళ నొప్పులున్న బుజుర్గుల్ని తీసుకెళ్ళకండి. నీళ్ళ సీసాలు ఎక్కువ పట్టుకెళ్ళండి, పైన దొరకవు. సగం ఎక్కాక వెనక్కి తిరిగి నిలబడండి. కింద రైలు పట్టాలు, అవతల రేవు క్రేన్లు, ఇంకా అవతల సముందర్.